గడియకు మీసం

ఆ వీధిలో తాళంచెవి పోగొట్టుకోని ఇల్లు లేదు కాబట్టి, తాళాలాయన అడుగుపెట్టని ఇల్లూ లేదు. ఆయనకూ అందరికీ ఉన్నట్టే ఒక పేరుంది. పెళ్లినాడు ఎవరో చదివారు, ఆసుపత్రిలో ఒకసారి నర్సు కేకేసింది. మిగతా జీవితమంతా ఆయన తాళాలాయనే. భార్య కూడా పక్కవాటా వాళ్లతో "మా తాళాలాయన ఇంకా అన్నానికి రాలేదు" అనే అంటుంది.

కొట్టు మేడమెట్ల కింద. ఒక మనిషి లోపల కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడాలి. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా కోయని తాళంచెవులు. వచ్చినవాళ్లకు వాటిని చూపించి, "ఇవన్నీ పళ్లు రాని పిల్లలు" అంటాడు. చెవిని పట్టకారులో బిగించి ఆకురాయితో రాస్తూ, మధ్యమధ్య దీపానికి ఎత్తి పట్టుకుని ఒంటికన్నుతో చూసుకుంటాడు. కుదిరిందనిపిస్తే మీసం ఒకసారి దువ్వుతాడు. ఆ మీసం తెల్లగా, గుబురుగా, రెండు కొసలూ కిందికి వాలి ఉంటుంది. ఆయన మొహంలో ఆయనకు నచ్చినది అదొక్కటే.

మూసిన తాళం ఆయన భాషలో బజ్జుంది. తెరుచుకుంటే లేచింది. తుప్పుపట్టి బిగుసుకుంటే అలిగింది. దానికి రెండు చుక్కలు నూనె వేస్తే బువ్వ తిన్నది. ఈ భాష ఆయనకు పని నేర్పిన గురువు నేర్పింది కాదు. ఆ గురువు తాళాన్ని తాళమనే అనేవాడు, తెరుచుకోకపోతే తిట్టేవాడు. తాళాలాయన కూడా జుట్టు నెరిసేదాకా అందరిలాగే మాట్లాడాడు. మనవరాలు పాకుతూ కొట్టులోకి రావడం మొదలుపెట్టాకే ఇనుముకు నిద్రా ఆకలీ అలకా వచ్చాయి.

మనవరాలిని ఇంట్లో గిలక్కాయ అంటారు. రెండేళ్లు నిండాయి, మూడు నిండడానికి ఇంకా చాలా టైముంది. నోరూ కాలూ ఊరుకోవు. అది ఎటు పోయిందో తెలియడానికి వాళ్ల నాన్న అడుగు వేస్తే కీచుమనే బూట్లు కొన్నాడు. కొన్నాక తెలిసింది, చప్పుడు వచ్చినంతసేపూ భయం లేదని. ఆగినప్పుడే పరుగెత్తాలి. ఒకసారి చప్పుడు ఆగితే అమ్మమ్మ వెళ్లి చూసింది. గోధుమపిండి డబ్బాలో కూర్చుని, కనురెప్పలు కూడా తెల్లగా చేసుకుని, "అమ్మమ్మా, నేను ముసలైపోయా" అంది.

పొద్దున్నే కూతురు ఆసుపత్రికి వెళ్తుంది. పరీక్షలకు రక్తం తీసే ఉద్యోగం. "ఊళ్లో వాళ్ల రక్తం తీసి, సాయంత్రం ఇంటికొచ్చి మన రక్తం తాగుతుంది" అని తాళాలాయన భార్యతో అంటాడు, కూతురు వినేటట్టుగానే. అల్లుడు అచ్చాఫీసుకు వెళ్తాడు. ఇక గిలక్కాయ కొట్టులో నేల మీద, పళ్లు విరిగిన పాత చెవుల గుత్తితో. మధ్యాహ్నం అన్నాలయ్యాక తాళాలాయన కుర్చీలో వెనక్కి వాలి ఒక కునుకు తీస్తాడు. లేపడం మనవరాలి పని. ఆ పనికో పద్ధతుంది. ఉత్తినే మీసం లాగితే ఆయన లేవడు, గురక పెంచుతాడు. ఉత్తినే ఎత్తినా లేవడు. ముందు మీసం కొస పైకెత్తాలి, ఎత్తినదాన్ని వదలకుండా పక్కకు లాగాలి. అప్పుడు రెండు కళ్లూ ఒక్కసారే తెరిచి, "టక్, లేచింది తాళం" అంటాడు. అది విరగబడి నవ్వుతుంది. మళ్లీ పడుకోమంటుంది. అలా ఆయన మధ్యాహ్నం కునుకు ముక్కలు ముక్కలుగా సాగుతుంది.

"ముసలాయన మీసం లాగడమేంటి, అదేం అలవాటు?" అని భార్య అనేది.

"నువ్వు లాగట్లేదుగా. నీకేం?" అని ఆయన అనేవాడు.

అంతా సాఫీగానే పోతుండగా ఒక ఆదివారం కూతురు గిలక్కాయను తీసుకుని నాలుగు వీధుల అవతల కొత్తగా పెట్టిన ఆటబడి చూసొచ్చింది. చెప్పులు విడవకుండానే కొట్టు ముందు నిలబడింది.

"నాన్నా, అక్కడ టీచరు దీన్ని తలుపు వెయ్యమ్మా అంది. ఇదేం చేసిందో తెలుసా?"

"ఏం చేసింది?"

"తలుపుకి జోల పాడింది. నోటి మీద వేలేసుకుని, అందరినీ ఉష్ అని. అక్కడున్న తల్లులందరూ నవ్వారు."

తాళాలాయన మీసం దాచుకోలేని నవ్వొకటి వచ్చింది. కూతురు నవ్వలేదు.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. ఆవిడ నన్ను అడిగింది, పాపకి చెప్పిన మాట అర్థమవుతుందా అని. నేనేం చెప్పను? నూనెని బువ్వంటుంది. నిన్న నాకు తలనొప్పని పడుకుంటే తుప్పు పట్టావా అమ్మా అంది. నీ భాష ఈ మెట్ల కింద తప్ప ఎక్కడ చెల్లుతుంది? మనుషుల్లో పడాల్సిన పిల్ల నాన్నా."

"పడుతుందిలే. ఎటూ రోజూ పడుతూనే ఉంది కదా."

"జోకులొద్దు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. మామూలు మాటలు నేర్పు. వెయ్యి, తియ్యి, లాగు, తిప్పు. చెప్పింది చేస్తే నీ దగ్గరే ఉంటుంది. లేకపోతే ఆటబడిలో వేస్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆ బూట్ల చప్పుడు లేకపోతే నీకూ పని సాగుతుంది."

ఆయన సరేనన్నాడు. కూతురు మెట్లెక్కి వెళ్లాక ఆకురాయి చేతిలో జారి, కోస్తున్న చెవి పన్ను ఒకటి ఎగిరిపోయింది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాడు. చప్పుడు లేకుండా పని ఎలా సాగుతుందో ఆయన ఊహకు అందలేదు.

మర్నాటి నుంచి పాఠాలు మొదలుపెట్టాడు. తాళంలో చెవి పెట్టి, తిప్పుతూ, "ఇదిగో చూడు. తిప్పు" అన్నాడు. గిలక్కాయ శ్రద్ధగా చూసింది. లేచి నిలబడి, చేతులు రెండూ చాపి, తన చుట్టూ తానే గిర్రున తిరిగింది. కీచ్ కీచ్ కీచ్. తూలి ఆయన ఒళ్లో పడింది. అది అంత ముద్దుగా ఉండేసరికి ఆయన పాఠం మర్చిపోయి, "ఏమే, ఇలా రా, దీన్ని చూడు" అని భార్యను పిలిచి మళ్లీ తిప్పించాడు. బేరానికి వచ్చినవాళ్ల ముందు తిప్పించాడు. సాయంత్రం అల్లుడి ముందూ తిప్పించాడు. అలా నేర్పిన మొదటి మామూలు మాట నేర్పిన రోజే పాడైపోయింది.

లాగు అన్న మాటకూ అదే గతి. అమ్మమ్మ చేతులు కడిగించడానికి రోజూ "స్టూలు లాగు" అంటుంది కాబట్టి, లాగడమంటే స్టూలు లాగడమేనని అది తేల్చేసుకుంది. చెవిని లాగమంటే వెళ్లి స్టూలు ఈడ్చుకొచ్చింది.

ఇంతలో భార్యకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. పడకగది తలుపుకు లోపలి గడియ పైన ఉంటుంది, ఆవిడకు అందడం లేదు. తాళాలాయన ఆవిడను అడగకుండానే ఒక మధ్యాహ్నం ఆ గడియ ఊడదీసి నడుము ఎత్తుకు దించాడు. పనిలో పనిగా తలుపు పక్క అంచుకు, గడియ ఉన్నవైపు, చెక్కపట్టీ కొట్టి సందు లేకుండా చేశాడు. "కాగితం కూడా దూరదు. కావాలంటే చూడు" అని నిజంగానే కాగితం తెచ్చి చూపించాడు. దూరలేదు. ఆ పూట ఆయన కంచంలో కూర కాస్త ఎక్కువ పడింది. ఆవిడ నడుము ఎత్తు అంటే, మునివేళ్ల మీద నిలబడిన గిలక్కాయ చేతికి అందే ఎత్తని ఇద్దరికీ తట్టలేదు.

ఆ నెల చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం. గిలక్కాయను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, అమ్మమ్మ ఆ పడకగదిలో బల్ల మీద కూతురి తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. వంటింట్లోంచి పాలు పొంగిన వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి పరుగెత్తింది. వెనకే కీచ్ కీచ్‌మంటూ కొంతదూరం వచ్చిన బూట్లు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాయి. తలుపు మూసుకుంది. ఆ తర్వాత టక్‌మని చిన్న చప్పుడు.

"ఏమండీ, పైకి రండి" అని ఆవిడ మెట్ల మీది నుంచి పిలిచింది. "గిలక్కాయ లోపల గడియ పెట్టేసుకుంది."

తాళాలాయన సంచీ తీసుకుని నింపాదిగానే మెట్లెక్కాడు. గదుల్లో బిగించుకున్న పిల్లల్ని ఎంతమందిని బయటికి తీశాడో ఆయనకే లెక్క లేదు. ఏడ్చే తల్లులకు కుర్చీ వేయించి, మంచినీళ్లు తాగేలోపు తీసి ఇచ్చిన సందర్భాలున్నాయి. కానీ తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని, అలవాటుగా చెయ్యి చాపి, అలాగే ఆగిపోయాడు. చెవి పెట్టడానికి దానికి రంధ్రమే లేదు. ఉన్నది లోపలివైపు గడియ, తన చేత్తో బిగించింది. సందులోంచి సన్నరేకు దూర్చి జరుపుదామంటే సందు లేదు, తనే మూశాడు. తలుపు లోపలికి తెరుచుకునేది, బందులు అటువైపు. కిటికీకి ఊచలు.

"ఇస్త్రీపెట్టె ఆపావా?"

ఆవిడ మొహం పాలిపోయింది. "నిలబెట్టి వచ్చానండీ. పాలు…"

ఆయన లేచి వెళ్లి మెయిన్ ఆపేశాడు. ఇల్లంతా ఫ్యాన్లు ఆగిపోయి నిశ్శబ్దమైంది. కరెంటు ఆగినంత మాత్రాన ఇనుము చల్లారదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల అంచు నుంచి వైరు కిందికి వేలాడుతుంటుంది. గిలక్కాయకు వేలాడేదేదైనా తన కోసమే.

పక్కవాటా కండల మాస్టారు బనీనుతో వచ్చాడు. ఊళ్లో వాళ్లకు కసరత్తులు నేర్పుతాడు, మంచివాడు. "తప్పుకోండి బాబాయ్, ఒక్క తోపు తోస్తాను" అన్నాడు, భుజం సరిచేసుకుంటూ.

"వద్దు. విను."

తలుపుకు అవతల, సరిగ్గా గడియ దగ్గర, కీచ్‌మని ఒక్క అడుగు వినిపించింది.

"అక్కడే నిలబడింది. నువ్వు తోస్తే తలుపు దాని మీదికే వస్తుంది. రంధ్రం వేద్దామన్నా అక్కడే దాని మొహం ఉంటుంది." మాస్టారు భుజం దించేశాడు.

"అమ్మడూ, గిలక్కాయా" అని ఆయన పిలిచాడు.

లోపల్నుంచి బొంగురుగా తెచ్చిపెట్టుకున్న గొంతు వచ్చింది. "గిలక్కాయ లేదు."

"మరి ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. బయటికెళ్లారు."

"సరేగానీ, గడియ తియ్యమ్మా. లాగు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. లోపల గర్రుమని ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడు. స్టూలు. అది బల్ల వైపే వెళ్తోంది. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన ముందుకు జరిగాడు. తలుపుకు చెంప ఆనించి, రోజూ కొట్టులో అన్నట్టే, తేలిగ్గా, "తిప్పు" అన్నాడు.

స్టూలు ఆగింది. కీచ్ కీచ్ కీచ్ కీచ్. గిర్రున తిరిగి, తూలి, నేల మీద మెత్తగా చతికిలబడిన చప్పుడు. ఆ తర్వాత నవ్వు.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "పిల్ల మాట వినట్లేదు బాబాయ్."

తాళాలాయన మాస్టారి వైపు తిరిగి చూశాడు. అంత కంగారులోనూ ఆయన మొహంలో ఏదో వెలిగింది. లాగమంటే లాగింది. తిప్పమంటే తిరిగింది. బయట ఇంతమంది కంగారుపడుతుంటే, లోపల ఒక్కతే ఉండి, ఏడవకుండా, తను చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. పిల్ల మాట వినకపోవడమేంటి? ఇంతదాకా తప్పు మాట అన్నది తనే.

"ఏమే" అని భార్యను దగ్గరికి పిలిచాడు. చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ "నేనా?" అంది. "నాకు నోరు ఖాళీ ఉండదు కదా" అన్నాడు. అని గడప ముందు నేల మీద పక్కకు తిరిగి పడుకుని, తలుపు కింది సందుకు నోరు ఆనించి, కళ్లు మూసుకుని గురక మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే కూతురు ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆ రోజు త్వరగా వదిలారు. ఆమెకు కనిపించింది ఇది: ఇంట్లో కరెంటు లేదు. మూసిన తలుపు ముందు నాన్న నేల మీద బారుగా పడుకుని ఇల్లు ఎగిరిపోయేలా గురక పెడుతున్నాడు. కండల మాస్టారు బనీనుతో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ తలుపుతో ఏదో చెప్పబోతోంది.

"నాన్నకేమైంది?" అంది ఆమె, చేతిలో సంచీ జారిపోతుంటే.

అమ్మ వేలు నోటి మీద వేసి చూపించింది. అచ్చం ఆటబడిలో గిలక్కాయ చేసినట్టే. తర్వాత తలుపు వైపు తిరిగి, ఎన్నాళ్లుగానో తను తప్పుపడుతూ వచ్చిన భాషలో, ముందు మొహమాటంగా, మెల్లగా మొదలుపెట్టింది. "గిలక్కాయా, తాత బజ్జున్నాడమ్మా. వినపడుతోందా?"

లోపల కీచ్ కీచ్‌మని తలుపు దగ్గరికి వచ్చింది. "తాత ఏడీ?"

"తలుపులో బజ్జున్నాడు. చూడు, అక్కడ మీసం ఉంది. నల్ల మీసం. ఇనప మీసం. కనపడిందా?"

గడియకు పక్కకు వంగిన పిడి ఉంటుంది. కొస కిందికి వాలి ఉంటుంది. దాన్ని పైకెత్తితేనే కడ్డీ జరుగుతుంది.

"చిన్న మీసం" అంది లోపలి గొంతు.

"ఆఁ, చిన్నదే. తాతని లేపు మరి."

చిటుక్. ఎత్తింది. వదిలేసింది. పిడి మళ్లీ కిందికి పడింది. తాళాలాయన గురక పెంచాడు.

"లేవట్లేదు" అంది గిలక్కాయ, కొంచెం కోపంగా.

"ఉత్తినే ఎత్తితే లేస్తాడా? నీకు తెలీదా ఎలా లేపాలో? నాకు తెలీదమ్మా, నీకే తెలుసు."

ఈసారి రెండు బూట్లూ ఒకేసారి కీచుమన్నాయి. మునివేళ్ల మీద లేచినట్టుంది. చిటుక్. ఆ వెంటనే ఇనుము ఇనుముకు రాసుకున్న సన్నని చప్పుడు. సగంలో ఆగింది. గురక ఆగలేదు. పళ్లు బిగబట్టి పిల్ల పెట్టిన మూలుగొకటి వినిపించింది, మళ్లీ రాపిడి, చివరికి ఆయన నలభై ఏళ్లుగా చెవులతోనే గుర్తుపట్టే ఆ టక్.

గురక టక్కున ఆగింది. "లేచింది తాళం" అన్నాడు తాళాలాయన.

పడుకున్న చోటి నుంచే తలుపును ఒక్క వేలితో, అంగుళం అంగుళంగా తోశాడు. సందులో ముందు ఒక బూటు, తర్వాత ఒక కన్ను, ఆ తర్వాత నోరంతా నవ్వు కనిపించాయి. గిలక్కాయ నేల మీదున్న తాతను చూసింది, తలుపు మీదున్న గడియను చూసింది. "ఇద్దరు తాతలు" అంది.

అమ్మమ్మ పిల్లను దాటుకుని వెళ్లి ఇస్త్రీపెట్టెను అలమర మీదికి ఎత్తేసింది. పట్టేసిన చెయ్యి అంత పైకి ఎలా లేచిందో ఆవిడకు తర్వాత కూడా అర్థం కాలేదు. కూతురు నేల మీదే కూర్చుని, పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది. ఏమీ కాలేదని తేలాక దాన్ని ఒళ్లోకి లాక్కుంది. మాస్టారు తన అవసరం లేదనుకుని, "భలే పిల్ల బాబాయ్" అని వెళ్లిపోయాడు.

"ఆ గడియ అంత కిందికి ఎవరు దించారు?" అంది కూతురు.

"నేనే" అన్నాడు తాళాలాయన, మోకాలు పట్టుకుని లేస్తూ. "మీ అమ్మకి అందట్లేదని."

"ఇప్పుడే తీసెయ్."

"తీసేస్తా."

ఆయన అప్పుడే స్క్రూలు విప్పాడు. గడియ చేతిలోకి వచ్చాక, దాన్ని తుడుస్తూ అన్నాడు. "ఆటబడికి పంపితే పంపు. తప్పు నాదే, నేను కాదనను. కానీ దీనికి చెప్పిన మాట అర్థం కాదని మాత్రం ఇంకెక్కడా అనకు. ఎత్తమని చెప్పలేదు, లాగమని చెప్పలేదు. తాతని లేపమన్నాం, అంతే. పెద్దవాళ్లం నలుగురం బయట ఉన్నాం. గడియ తీసింది అది."

కూతురు పిల్ల జుట్టు సర్దింది. "చూశాను నాన్నా" అంది.

మర్నాడు తాళాలాయన కొట్టు తెరిచి, ఆ గడియను ఒక చెక్కకు బిగించి, మనవరాలికి అందే ఎత్తులో గోడకు కొట్టాడు. అది వస్తుందో రాదో తెలియకుండానే కొట్టాడు. పై నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. దాని వెనకే కూతురి గొంతు. "గిలక్కాయా, నాకు చేతులు ఖాళీ లేవు. తలుపు బజ్జోబెట్టు."

చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. పైన తలుపు ఎవరికీ మెలకువ రానంత మెత్తగా మూసుకుంది.

కూతురు కిందికి దిగి, పిల్లను కొట్టులో దింపింది. గోడ మీది గడియను చూసి, నవ్వు ఆపుకుంది. "ఆటబడి సంగతి వచ్చే ఏడాది చూద్దాం. ఈలోపు నువ్వు మామూలు మాటలు నేర్చుకో" అని, వాచీ చూసుకుంటూ వెళ్లిపోయింది.

కాసేపటికి ఎవరో తెరుచుకోని పాత తాళమొకటి తెచ్చారు. "ఏమైందో చూడండి, ఎంత తిప్పినా రావట్లేదు" అన్నాడు ఆ మనిషి. తిప్పు అన్న మాట చెవిన పడగానే గిలక్కాయ గిర్రున ఒక చుట్టు తిరిగింది. తిరిగి, తూలి, బల్ల పట్టుకుని నిలబడి, తాళాన్ని రెండు చేతులతో తీసుకుని తాత చేసినట్టే ఒక కన్ను మూసి చూసింది. ఒక కన్ను మూయడం దానికి ఇంకా రాదు, రెండూ మూసింది.

"అలిగింది" అంది.

వచ్చిన మనిషి తాళాలాయన వైపు చూశాడు. ఆయన మీసం దువ్వుకుంటూ నూనెసీసా అందుకున్నాడు.

"మా పెద్దావిడ చెప్పింది కదండీ" అన్నాడు. "అలిగిందట. కూర్చోండి, బువ్వ పెడతాం."